టిక్కు వినపడని పెట్టె

తనకింకా పెళ్లే కాలేదట, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో తేదీ చూడగానే ఆమె గుండె గుభేలుమంది, కంప్యూటరు లెక్కలో ఇవాళ ఏదో పాత సంవత్సరపు జనవరి ఒకటో తారీఖు, ఆ లెక్కన ఆమె ఇంకా ఈ ఇంటి కోడలు కాదు, కిటికీ పక్కనున్న ఈ బల్ల ఇంకా కొననే లేదు, నిన్న సాయంత్రం కళ్లు పీక్కుపోయేలా కూర్చుని దిద్దిన మెట్ల డ్రాయింగు ఈ భూమ్మీద ఎక్కడా లేదు, అమ్మో, అది లేకపోతే ఎలా, అదే కదా ఇవాళ కావలసింది, తేదీ కింద ఇంకేదో రాసి ఉంది, సెట్టింగులు పోయాయట, ముందుకు వెళ్లాలంటే ఏదో ఒక మీట నొక్కాలట, నొక్కింది, తెర రెప్ప వేసినట్టు ఒకసారి ఆరి వెలిగింది, ఈసారి ఒకే ఒక్క వాక్యం, డిస్కు కనబడలేదు, కనబడకపోవడమేమిటి మహాతల్లీ, నిన్న నీ కడుపులోనే ఉంది కదా, ఆమె గీసిన గీతలన్నీ అందులోనే ఉన్నాయి, ఆసుపత్రి గోడలు, కిటికీలు, మెట్లు, ఆ మెట్ల మీద అడ్డంగా వచ్చే బీము, ఆ పాడు బీము, స్విచ్చి తీసింది, వేసింది, మళ్లీ జనవరి ఒకటి, కొత్త సంవత్సర శుభాకాంక్షలు కూడా చెప్పేస్తే ఓ పనైపోయేది.

ఆ బీము సంగతి నిన్న మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియదు, గీసిన తనకీ తెలియదు, సంతకం పెట్టిన పెద్ద ఇంజనీరుకీ తెలియదు, పాత డ్రాయింగు మేస్త్రి చేతికి వెళ్లిపోయి ఇనుప కడ్డీలు కట్టడం కూడా అయిపోయింది, తనేమో ఇంట్లో మెట్లెక్కుతూ మొగుణ్ణి తలుచుకుంది, ఆయన్ని తన పుట్టింట్లో అందరూ నిచ్చెన అంటారు, నిచ్చెనగారు వచ్చారా, నిచ్చెనగారికి టీ ఇచ్చారా అని, ఏ గుమ్మమైనా ఆయన నుదుటికి చుట్టమే, ఈ మనిషి ఆ ఆసుపత్రి మెట్లెక్కితే ఎలా ఉంటుంది అని ఊరికే నవ్వుకుంటూ ఊహించింది, ఎక్కుతున్నాడు, వంపు తిరిగాడు, బీము కింద నుంచి వెళ్లాడు, పరవాలేదు, తల తగల్లేదు, వెంట్రుక వాసిలో తప్పించుకున్నాడు, అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంకో మెట్టు ఎక్కిందో లేదో ఒళ్లంతా జలదరించింది, అది పిల్లల ఆసుపత్రి, అక్కడికి మనుషులు ఒంటరిగా రారు, భుజాల మీద బిడ్డని ఎక్కించుకుని వస్తారు, జ్వరం తగ్గిన బిడ్డ నాన్న జుట్టు పట్టుకుని కేరింతలు కొడుతూ మెట్లెక్కుతుంది, వంపు తిరుగుతుంది, వద్దు, ఆ తరవాతది ఊహించకు, అదే మెట్టు మీద కూలబడి ఇంజనీరుకి ఫోన్ చేసింది, ఆయన ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూనే అన్నాడు, బీము పైకి జరిపి దిద్దెయ్యండి, నేను విమానంలో ఉంటాను, ఫోను కలవదు, ఈసారి మీరే సంతకం పెట్టి మేస్త్రికి పంపెయ్యండి అని, మీరే, ఆ మాటకి కలిగింది భయమో సంతోషమో తెలియలేదు, ఇన్నాళ్లూ గీతలు తనవి, సంతకం ఇంకొకరిది, ఇవాళ రెండూ తనవే, దిద్దింది, సంతకం పెట్టింది, పంపుదామంటే నెట్టు పోయింది, సరే పొద్దున్నే పంపొచ్చులే అనుకుంది, ఆ పొద్దున్న ఇదే, జనవరి ఒకటి.

ఫోను మోగింది, మేస్త్రి, ఆయన గొంతు వెనక ఏదో గరగరా తిరుగుతున్న చప్పుడు, అమ్మా, కాంక్రీటు లారీ వచ్చేసింది, కాగితం ఏదీ అన్నాడు, వస్తోందండీ, కంప్యూటరు కొంచెం మొరాయిస్తోంది, ఆ బీము కూర్చునే మెట్ల పక్క పిల్లరు మాత్రం ఆపండి, ఆపడానికి అదేమన్నా నా చేతిలో కుళాయా అమ్మా, డ్రమ్ములో మాలు తిరుగుతోంది, గడ్డకట్టిందంటే లారీవాడు నన్ను గడ్డకట్టిస్తాడు, పోనీ నోటితో చెప్పండి, ఆ బీము కడ్డీలు ఎంత పైకి కట్టమంటారు, ఆమె చెప్పబోయి ఆగిపోయింది, నోట్లో రెండు అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి, మెట్ల మీద పరిచే రాతి మందం కలపకముందు ఒకటి, కలిపిన తరవాత ఒకటి, ఏది ఏదో ఆ గీత కళ్లారా చూస్తే తప్ప తేలదు, తప్పు అంకె చెబితే పాత తప్పుకి తన సొంత నోటితో ముద్ర వేసినట్టే, కాగితమే పంపిస్తానండీ అంది, మేస్త్రి నిట్టూర్చాడు, చూడమ్మా, ముందు అటు చివర పిల్లర్లు పోసుకుంటూ వస్తా, మెట్ల పక్కది ఆఖర్న పెట్టుకుంటా, కడ్డీలు విప్పి పైకి కట్టడం మాకు చిటికెలో పని, కానీ నేను అక్కడికి వచ్చేసరికి కాగితం రావాలి, లేదంటే నా దగ్గరున్న పాత కాగితమే నాకు దేవుడు, పోసేశాక కడ్డీ నా మాటా వినదు, మీ మాటా వినదు.

కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరిగింది, వైరసుకి చెయ్యాలి, వైరసంటే కంప్యూటర్లు బాగుచేసే అతను, అసలు పేరు అందరూ మర్చిపోయారు, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా వైరసే అంటాడని ఆ పేరు పెట్టారు, ఎత్తు బాబూ ఎత్తు, ఎత్తాడు, అక్కా చెప్పక్కా, ఏముంది, వైరసే అయ్యుంటుంది, చెప్పకముందే ఎలా తెలుసు నీకు, అనుభవం అక్కా, అనుభవం లేదు గినుభవం లేదు, ముందు విను, తేదీ పోయింది, పాత జనవరి ఒకటి చూపిస్తోంది, డిస్కు కనబడలేదంటోంది, అటువైపు ఎక్కడో హారన్లు వినబడుతున్నాయి, అతని గొంతులో వేళాకోళం పోయింది, ఆగక్కా, ఇవి రెండు వేరే వేరే జబ్బులు, తేదీ పోయిందంటే లోపల కోటు గుండీ అంత సెల్లొకటి ఉంటుంది, మనం కరెంటు తీసేసినా కంప్యూటరుకి టైము గుర్తుండేలా చూసేది అదే, అది చచ్చిపోయి ఉండాలి, లేదా ఎవరైనా ఊడదీసి ఉండాలి, సరే, మరి డిస్కు, డిస్కుకో సన్నటి ఎర్ర తీగ వస్తుంది, అది వదులైతే కనబడదు, ఈ రెండూ ఒకే రాత్రిలో వాటంతటవే జరగవక్కా, నువ్వు ఏమనుకోనంటే ఒక మాట, ఏమిటి చెప్పు, ఇది వైరసు కాదు, ఎవరో పెట్టె తెరిచారు.

ఎవరో పెట్టె తెరిచారు, వీధి తలుపు గడియ వేసే ఉంది, కిటికీలకి ఊచలున్నాయి, బయటివాళ్లెవరూ రాలేదు, అంటే లోపలివాళ్లే, లోపల ఉన్నదెవరు, తను, నిచ్చెన, అత్తగారు, మామగారు, ఇక పట్టుకోవడమెంతసేపు, ముందు నిచ్చెన, నిన్న సాయంత్రం తన భుజం మీదుగా వంగి ఇంకా ఎంతసేపు, ఇందులో క్రికెట్టు ఆట చూసే వేళయింది, కాస్త లేస్తావా అన్నాడు, లేవలేదు, మూతి ముడుచుకుని వెళ్లాడు, కోపం ఉంది, అవకాశం ఉంది, కానీ ఆ మనిషికి టార్చిలైటులో సెల్లు ఎటు తిప్పి పెట్టాలో తెలియదు, పెట్టెకి మరలున్నాయని కూడా తెలిసి ఉండదు, వదిలెయ్, అయితే అత్తగారు, తడిగుడ్డ పట్టుకుని కనబడిందల్లా తుడుస్తుంది, కీబోర్డుని ఒకసారి పళ్లెంలా కడిగి ఎండబెట్టిన ఘనత ఉంది, తను వంటింటి గుమ్మం దగ్గరికి ఒక్క అంగలో వెళ్లింది, అత్తయ్యా, నా కంప్యూటరు మీరేమన్నా ముట్టుకున్నారా, అత్తగారు గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు, నీ కీబోర్డు కడిగినందుకు నువ్వు పెట్టిన మొహం ఇంకా నా కళ్లముందే ఉంది, మళ్లీ ముట్టుకుంటానా, ఆ గదిలోకి వెళ్లాలంటే చేతులు వెనక్కి కట్టుకుని వెళ్తున్నా, మరి ఎవరు ముట్టుకున్నారు, నాకేం తెలుసు, నేనేమన్నా కాపలాకాస్తున్నానా, అంది గానీ ఆ మాట చివర ఒక్క క్షణం కళ్లు ముందు గది వైపు తిరిగాయి, వెంటనే గిన్నెలోకి దిగిపోయాయి, అలా ఎందుకు చూసింది, ముందు గదిలో మామగారు ఉన్నారు, పేపరు చదువుకుంటున్నారు, పాపం ఆయన జోలికి ఎందుకు, ఆయనకి కంప్యూటరంటే పక్కింటి కుక్కంత దూరం, మీ మావయ్యని చూడు, అంది అత్తగారు గొంతు తగ్గించి, పొద్దుట్నుంచి అదే పేజీ చదువుతున్నారు, బట్టీ పడుతున్నారేమో.

అవునా, కానీ ఇప్పుడు పేజీలు లెక్కపెట్టే తీరిక లేదు, ఫోన్లో వైరసు ఇంకా ఉన్నాడు, అక్కా, పెట్టె తెరవగలవా, స్టారు స్క్రూడ్రైవరు ఉందా, ఉంది, కరెంటు తీగ పీకెయ్, పీకేశా, పక్క రేకు మరలు విప్పు, ఆమె నేల మీద చతికిలబడి పెట్టెని ఒడిలోకి లాక్కుంది, భయం కంటే ఉత్సాహమే ఎక్కువ, దొంగ వేలిముద్రలు ఈ రేకు వెనకే ఉన్నాయన్నట్టు, మొదటి మర కదల్లేదు, ఇదేమిటి, ఎప్పుడూ చేత్తోనే తిరిగిపోయేవి కదా, వైరసు వచ్చినప్పుడల్లా సగం బిగించి వెళ్తాడు, ఒకటి ఎప్పుడూ తక్కువ, ఇప్పుడు చూస్తే అన్నీ ఉన్నాయి, అన్నీ ఒకే బిగువు, తక్కువైన దాని చోట ఇత్తడి మర ఒకటి మెరుస్తోంది, బాబూ, నువ్వు ఇత్తడి మరలు వాడతావా, ఇత్తడా, నాకు ఇనుపవే గతిలేదక్కా, బలంగా తిప్పింది, ఊడాయి, రేకు జరిపింది, దుమ్ము లేస్తుందని ముందే కళ్లు మూసుకుని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, లేవలేదు, కళ్లు తెరిచింది.

దుమ్ము లేదు, ఎక్కడా లేదు, ఏళ్ల తరబడి పేరుకున్న బూడిదరంగు బొచ్చంతా ఎటు పోయిందో, చల్లగాలి పంకా రెక్కలు ఒక్కొక్కటీ తుడిచినట్టు నల్లగా మెరుస్తున్నాయి, మూలమూలల్లో ఎవరో సన్నటి కుంచెతో ఊడ్చారు, పచ్చటి పలక మీద చుక్కంత మచ్చ లేదు, ఆ పలక మధ్యలో కోటు గుండీ అంత సెల్లు, కొత్తది, అద్దంలా ఉంది, దాని మీద ఒక్క వేలిముద్ర లేదు, చేత్తో పట్టుకోలేదన్నమాట, పట్టకారుతో పెట్టారన్నమాట, ఇదేం దొంగతనం, దోచుకుపోయేవాడు ఇల్లు ఊడ్చి ముగ్గు పెట్టినట్టుంది, ఫోన్లోంచి వైరసు, ఎర్ర తీగ కనబడిందా అక్కా, వెతుకుతున్నా, అదిగో, డిస్కు నుంచి వచ్చే ఎర్ర తీగ, ఎప్పుడూ పంకా ముందు నుంచి వేలాడుతూ ఉండేది, ఇప్పుడు పంకాకి దూరంగా, ఒక మూలకి, ఒద్దికగా మడిచి, నీలం పట్టుదారంతో కట్టి ఉంది, ముడి నువ్వుగింజంత, ఆ ముడి వెయ్యడానికి మామూలు వేళ్లు చాలవు, కట్టి లాగడంలో తీగ చివర దాని గూట్లోంచి బయటికి వచ్చేసింది, పూర్తిగా ఊడలేదు, గింజంత బయటికి, అంతే, ఆ కాస్తకే డిస్కు కనబడకుండా పోయింది, ఆమె ముక్కు పెట్టెకి దగ్గరగా తీసుకెళ్లింది, సన్నటి వాసన, నూనె, వంటనూనె కాదు, కుట్టుమిషను నూనె కాదు, ఇంకా పలచటిది, సూదిమొనతో బొట్టు పెట్టే నూనె, ఈ వాసన తనకి తెలుసు, పెళ్లైన కొత్తలో ఈ ఇంట్లోకి అడుగు పెట్టగానే మొదట తగిలిన వాసన ఇదే, ఆయన చొక్కాల్లో ఉండేది, కంటికి తగిలించుకునే భూతద్దంలో ఉండేది, కొట్టు ఎత్తేశాక పోయిందనుకుంది, తిరిగే చక్రానికి ఏదీ తగలకూడదు అని ఆయన ఎప్పుడూ అనే మాట, వెంట్రుక తగిలినా చక్రం చచ్చిపోతుంది అని, మావయ్య, పక్కింటి కుక్కంత దూరం అనుకున్న మావయ్య, ఊరందరి చేతి గడియారాలూ విప్పి బిగించిన మావయ్య.

వారం నుంచీ అంటూనే ఉన్నారు కదా, అమ్మాయ్, నీ కంప్యూటరులో టైము వెనకబడింది చూశావా, తను చూడలేదు, ఆ ఉంటుంది లెండి మావయ్యా అంది, మర్నాడు మళ్లీ, అమ్మాయ్, ఇవాళ ఇంకొంచెం వెనకబడింది, నిచ్చెన నవ్వాడు, దానికి జీతమేమన్నా కోస్తారా నాన్నా అని, ఆయన నవ్వలేదు, అన్నం తింటూ తింటూ చేతి గడియారం వైపు చూసుకుని, ఆ గది వైపు చూసి, ఏదో కుట్టినట్టు ముఖం పెట్టారు, అంటే సెల్లు నిజంగానే చచ్చిపోతోంది, ఆయన సరిగ్గానే పట్టుకున్నారు, ఫోను మళ్లీ గుర్రుమంది, ఇంకో కాల్ అడ్డం వస్తోంది, మేస్త్రి, బాబూ ఉంటాను, నీ ఎర్ర తీగ దొరికింది, దొంగ కూడా దొరికాడు, ఎవరక్కా, ఎవరక్కా, తరవాత చెబుతా, చెప్పండి మేస్త్రిగారూ, అమ్మా, ఇంకొక్క పిల్లరు, ఆ తరవాత మీదే, వచ్చేస్తోందండీ వచ్చేస్తోంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నీలం దారం పళ్లతో కొరికింది, తీగ చివర గూట్లోకి నొక్కింది, టక్, ఎంత ముద్దుగా ఉంది ఆ చప్పుడు, రేకు కూడా మూయకుండా కరెంటు తగిలించి మీట నొక్కింది, రా, రా తల్లీ, పంకా తిరిగింది, ఎప్పుడూ గురక పెట్టే పంకా ఇవాళ గాలి ఊదినట్టు తిరుగుతోంది, తెర నల్లబడింది, నల్లగానే ఉంది, ఇంకా నల్లగానే ఉంది, నీలం, నీలం రంగు వచ్చింది, వెలిగింది, ఆమె కేక పెట్టింది, వంటింట్లో గిన్నె జారిన చప్పుడైంది, ఏమైందే అని అత్తగారు, వచ్చింది అత్తయ్యా, వచ్చేసింది.

డ్రాయింగు తెరిచింది, బీము కింద ఆ గీత, ఆ అంకె, రాతి మందం కలిపిన తరవాతదే, నోటితో చెప్పి ఉంటే మొదటిదే చెప్పేదాన్ని అని ఒళ్లు చల్లబడింది, మూలన తన సంతకం, మెయిలు తెరిచింది, తెరుచుకోలేదు, మీ గడియారం తప్పుగా ఉంది, దిద్దుకుని రండి అంది తెర, ఓరి నీ దుంప తెగ, అవును కదా, దానికింకా జనవరి ఒకటే, దాని లోకంలో ఈ ఆసుపత్రికి పునాది కూడా పడలేదు, సరే టైము దిద్దుదాం అని చెయ్యి పెట్టింది, పెట్టి ఆగింది, చేతిలోనే ఫోనుంది, ఫోన్లో టైముంది, అయినా తల పక్కకి తిప్పి ముందు గదిలోకి గట్టిగా అడిగింది, మావయ్యా, టైమెంతైంది, పేపరు కదిలిన చప్పుడు, క్షణం ఆలస్యం లేకుండా జవాబు, గంటా నిమిషమే కాదు, సెకన్లతో సహా, ఇదిగో ఇప్పుడు, అన్నారు ఆ సెకను దగ్గర, ఆమె వేలు అదే క్షణంలో మీట నొక్కింది, తేదీ మారింది, ఏళ్లన్నీ ఒక్క గెంతులో దాటేసి కంప్యూటరు ఇవాళ్టిలోకి వచ్చి పడింది, మెయిలు తెరుచుకుంది, పంపింది, వెళ్తోంది, వెళ్తోంది, వెళ్లింది, మేస్త్రిగారూ, ఫోన్లో గరగర చప్పుడు, ఎవరి మీదో అరుస్తున్న గొంతు, ఆపరా ఆపు, అటు తిప్పు గొట్టం, తరవాత, వచ్చిందమ్మా, కనబడుతోంది, ఒరేయ్ మెట్ల పక్క కడ్డీలు విప్పండ్రా, పైకి కట్టాలి, అమ్మా, ఈసారి సంతకం కొత్తగా ఉందే, ఎవరిది, నాదేనండీ, అంది, చక్కగా ఉందమ్మా, గుండ్రంగా, ఉంటాను, పోసుకోవాలి.

ఫోను పెట్టేసి ఆమె నేల మీద అలాగే కూర్చుంది, ఒడిలో రేకు, పళ్ల మధ్య నీలం దారం పోగు, నవ్వు వస్తోంది, ఏడుపు కూడా వస్తోందేమో తెలియడం లేదు, ఆయన మీద అరవాలని లేచిన కోపం ఏ మెట్టు మీద ఆగిపోయిందో వెతికినా దొరకలేదు, జానెడు కిందికి వచ్చిన బీముని ఎవరూ పట్టించుకోలేదు, తనకి మాత్రం నిన్న అన్నం సహించలేదు, నాలుగు నిమిషాలు వెనకబడిన టైముని ఎవరూ పట్టించుకోలేదు, ఆయనకి మాత్రం నిద్ర పట్టలేదు, ఈ ఇంట్లో రెండు గదుల్లో రెండు బల్లల ముందు కూర్చున్న ఇద్దరిదీ ఒకటే జబ్బు, నిచ్చెనకి లేదు, అత్తగారికి లేదు, తనకీ ఆయనకీనే, ఆ సంగతి ఇన్నేళ్లలో ఇవాళే తెలిసింది, తెలిసి లోపల పరిగెడుతున్నదంతా ఒక్కసారి నెమ్మదించింది, తలెత్తితే గుమ్మంలో మామగారు, చేతిలో పేపరు మడత, అదే పేజీ, వెనకాల తడిచేతులతో అత్తగారు, చెప్పండి, ఇక చెప్పండి, మొహం చూస్తేనే తెలిసిపోతోంది అని పొడుస్తోంది, ఆయన గొంతు సవరించుకున్నారు, పెట్టె వైపు చూశారు, కోడలి వైపు చూశారు, నేనేనమ్మాయ్, తెల్లవారుజామున మీరెవరూ లేవకముందు తీశాను, టైము తప్పు నడుస్తుంటే ఇంట్లో ఎవరో మూలుగుతున్నట్టు ఉంటుంది నాకు, సెల్లు మార్చాను, దుమ్ము దులిపాను, పంకాకి ఓ చుక్క నూనె వేశాను, ఆ ఎర్ర తీగ చక్రానికి తగిలేలా ఉందని పక్కకి కట్టాను, అంతా బాగానే చేశాననుకున్నా తల్లీ, తీరా టైము దిద్దుదామని చూస్తే తిప్పే బొడిపె ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు, సరేలే, నడుస్తోందా లేదా చూద్దామని పెట్టెకి చెవి ఆనించి విన్నాను, చాలాసేపు విన్నాను, టిక్కుమనలేదు, అప్పుడే అనుకున్నా, ఎక్కడో కొంప ముంచానని.